చెయ్యి కదపకుండా తీసిన ఎక్స్‌రే

రాజమండ్రిలో ఒక ఎముకల ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా నేను చేరిన కొత్త రోజులవి. మా సీనియరు గారు సామర్లకోటలో పెళ్లికి వెళ్లిన రోజున ఎక్స్‌రే గది మొదటిసారి నా ఒక్కదాని చేతికి వచ్చింది. పొద్దుట్నుంచీ కాలు ఒకచోట నిలవలేదు.

మధ్యాహ్నం ఒక టీచరు గారు వచ్చారు. నలభై దాటిన మనిషి, కోనసీమ నుంచి బదిలీ మీద వచ్చారట. కాలవగట్టు మీద మోపెడ్ నేర్చుకుంటూ పడ్డారు. కుడి భుజానికీ మోచేతికీ మధ్య బాగా వాచిపోయింది. చేతిని తువ్వాలుతో మెడకు కట్టి తీసుకొచ్చిన భర్త, ఈ వయసులో ఇదంతా ఎందుకని సణుగుతున్నాడు. ఆవిడేమో నొప్పితో మాట తెగుతున్నా, కాలవ లాకుల దాకా ఎవరూ పట్టుకోకుండా తనే నడిపిన సంగతి నాకు చెబుతున్నారు.

భర్తని బయట కూర్చోమన్నాను. మొదటి ఫిల్ముకి చెయ్యి తిప్పకుండా ఆవిడనే మెల్లగా తిప్పి, చేతి వెనక భాగం ఫిల్ము పెట్టిన క్యాసెట్‌కి ఆనేలా నిలబెట్టాను. భుజమూ మోచెయ్యీ రెండూ ఫిల్ములో పడాలి. పడేలా చూసుకుని తీశాను. పక్కనుంచి తీసే రెండోదే కష్టం. మామూలుగా దానికి చెయ్యి లోపలికి తిప్పాలి. నా వేళ్లు తగలగానే ఆవిడ పళ్లు బిగించారు.

అలాంటప్పుడు ఛాతీ గుండా తీసే పద్ధతి ఒకటుంది. సీనియరు గారు తీస్తుంటే చూశానే గానీ నేనెప్పుడూ తీయలేదు. ఆవిడని పక్కకి తిప్పి, దెబ్బ తగిలిన చెయ్యి క్యాసెట్ వైపు ఉండేలా నిలబెట్టాను.

"ఈ చెయ్యి నేను ముట్టుకోనండి. ఎడమ చెయ్యి తల మీదకి ఎత్తండి చాలు."

"విరిగింది ఇదైతే దాన్నెందుకమ్మా ఎత్తడం?"

"కిరణాలు ఆ పక్కనుంచి ఛాతీ గుండా ఈ చేతికి రావాలి, అది అడ్డొస్తుందండి."

గాలి నిండుగా పీల్చి బిగబట్టమని చెప్పి, తెర వెనక్కి పరుగెత్తి బటన్ నొక్కాను.

డార్క్ రూమ్ ఎర్ర వెలుతురులో ఫిల్మును మందునీళ్లలో ఆడిస్తుంటే పక్కటెముకల గీతల మధ్య చేతి ఎముక తెల్లగా తేలింది. ఏటవాలు పగులు స్పష్టంగా కనబడింది. సంతోషంతో కేక పెట్టబోయి నోరు మూసుకున్నాను.

డాక్టరు గారు తడి ఫిల్మును లైటుకి పెట్టి చాలాసేపు చూశారు. ఎవరు తీశారని అడిగారు.

"నేనేనండి."

"ఎముక పక్కకి జరగలేదు. ఆపరేషన్ అక్కర్లేదు, కట్టు వేద్దాం," అన్నారు. నాకు వేరే మెచ్చుకోలు అక్కర్లేకపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూనే మా అమ్మని వంటింటి గోడకి పక్కగా నిలబెట్టి, ఒక చెయ్యి పైకి ఎత్తించి, ఎలా తీశానో మొత్తం చూపించాను. పొయ్యి మీద పులుసు మరిగిపోతోందే అంటూనే అమ్మ కదలకుండా నిలబడింది.