కళ్ళున్న తాబేలు

మా పక్కింటి బాబాయి రాతి పనివాడు. గుళ్ళలో విగ్రహాలు చెక్కిన చేయి ఆయనది. కానీ నాకు ఊహ తెలిసేసరికే గుడి పని మానేసి, ఇళ్ళలో వాడుకునే సామాను చెక్కేవాడు. ఏది చెక్కినా అందులో ఒక జంతువు ఉండేది. తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టే రాయి ముడుచుకు పడుకున్న పిల్లి. ఉప్పు పోసుకునే తొట్టె గుడ్లు పొదుగుతున్న కోడిపెట్ట. గొడ్ల కుడితి తొట్టికి రెండు వైపులా పొట్టేలు తలలు. ఆ కొమ్ములు పట్టుకునే మేము తొట్టిని జరిపేవాళ్ళం. మాచర్ల చుట్టుపక్కల నాపరాయికి లోటు లేదు గానీ రోటికి అది పనికిరాదు. అందుకు నల్లరాయి బండి మీద తెప్పించుకునేవాడు.

ఆ జంతువులు వేటికీ కళ్ళుండేవి కావు. కన్ను ఉండాల్సిన చోట నున్నటి రాయి.

గుడి విగ్రహానికి కళ్ళు చిట్టచివర చెక్కుతారు. కన్ను తెరిచిన దగ్గర్నుంచి అది రాయి కాదు, దేవుడు. బాబాయి భయం అదే.

"కన్ను పెట్టానంటే తెల్లారేసరికి మీ అమ్మలక్కలు పసుపు పూస్తారు. పసుపు పడ్డాక అది ఇంక దేనికీ పనికిరాదురా అబ్బాయ్."

అవి నేను హేతువాద సంఘంలో చేరి ఊరూరా సభల్లో విగ్రహారాధనను దుమ్మెత్తిపోస్తున్న రోజులు. "దేవుడు దేనికీ పనికిరాడని నువ్వే అంటున్నావు బాబాయ్. రేపు సభలో ఈ మాట చెప్తా."

"చెప్పు. అది మీ పిన్ని చెవిన పడేసి, ఆమె పెట్టే ముద్ద కూడా మాన్పించు. నీ సంఘమే పెడుతుంది నాకు కూడు."

ఆయనకు ఒక్కతే కూతురు, ఎడంచేతి వాటం పిల్ల. గురజాల దగ్గర పల్లెకు ఇచ్చారు. కాపురానికి పంపేటప్పుడు రుబ్బురోలు ఒకటి చెక్కాడు. అది తాబేలు. డిప్ప నడుమ గుంట, నేలను పట్టుకున్న నాలుగు కాళ్ళు, రుబ్బేవాళ్ళ ముఖంలోకి చూస్తున్నట్టు కాస్త పైకెత్తిన తల. ఆ పిల్ల దాని చుట్టూ తిరిగి చూసి మూతి ముడిచింది.

"ఏంది నాయనా, గుడ్డిదాన్ని ఇచ్చి పంపుతున్నావు? అక్కడ నాకెవరున్నారు? రుబ్బేటప్పుడు దీంతోనేగా మాట్లాడుకోవాల."

"కళ్ళు పెట్టకూడదమ్మా. పసుపు పూస్తారు."

"నేను పూయనుగా! మొఖాన మినప్పిండి పూస్తా."

బాబాయి నవ్వి ఉలి అందుకున్నాడు. ఇంటి సామానుకు ఆయన పెట్టిన కళ్ళు ఆ రెండే.

కొన్నేళ్ళకు, రెండో ప్రపంచ యుద్ధం ఇంకా సాగుతుండగా, ఆ పిల్లకు విషజ్వరం వచ్చింది. నరసరావుపేట ఆసుపత్రికి బండి కడదామని అల్లుడు అన్నాడట. పెద్దలు తాయెత్తు కట్టించి, మంత్రం వేయించి, తగ్గుతుందేమోనని ఆగారు. అలా ఆగినందుకు వాళ్ళను నేను ఈనాటికీ క్షమించలేదు. మాకు కబురు అందేసరికి అంతా అయిపోయింది.

ఆ ఎండాకాలంలో ఇంకో కబురు వచ్చింది. ఆ రోలును వాకిట్లో వేపచెట్టు కింద నిలిపి అమ్మవారని పూజ చేస్తున్నారట. జ్వరం వచ్చిన పిల్లల్ని తెచ్చి దాని ముందు పడుకోబెడుతున్నారట. నేను మండిపడ్డాను. బాబాయి మాత్రం ఒకే మాట అన్నాడు:

"నాకు ఆ రోలు కావాల్రా. మీ పిన్ని దాంట్లో ఇంత పచ్చడి రుబ్బుకుంటే చాలు. నువ్వు నోరున్నోడివి, నాతో రా."

బండి కట్టుకుని పోయాం. తాబేలు ఒళ్ళంతా పసుపు, కళ్ళ మీద కుంకుమ, గుంట నిండా కొబ్బరి చిప్పలు. జనం పోగయ్యారు. నాకు తెలిసిన వాదమంతా వినిపించాను. "ఇది రోలు! దీన్ని చెక్కినాయన ఇక్కడే ఉన్నాడు, అడగండి" అన్నాను.

ఒక ముసలాయన చుట్ట తీసి నింపాదిగా అన్నాడు: "చెక్కినాయనే దానికి కళ్ళు తెరిపించె గదయ్యా! రోటికి కళ్ళెందుకు పెట్టాడో నువ్వే అడుగు."

బాబాయి తల వంచుకున్నాడు. తన కూతురు అడిగిందని ఆ గుంపులో చెప్పలేకపోయాడు.

అప్పుడు ఆ పిల్ల అత్తగారు ముందుకొచ్చింది. "అన్నయ్యా, అమ్మవారో కాదో నాకు తెలవదు. కోడలు పోయిన వారానికే దాని తోడికోడలు ఆ రోట్లో పప్పు పోసింది. నేను చూడలేకపోయా. ఇంకెవరూ చెయ్యి పెట్టకుండా నేనే పసుపు పూశా. తీసుకుపొమ్మందునే గానీ, ఇప్పుడది నా చేతుల్లో లేదు. ఊరు ఊరుకోదు."

"నీ మీద కోపం లేదు చెల్లెమ్మా" అన్నాడు బాబాయి.

నేను వెళ్ళి బండికి ఎడ్లను కట్టాను.

తిరిగి బండెక్కబోతూ బాబాయి గొడ్లసావిడి వైపు చూశాడు. గోడవార దుమ్ములో ఆ రోట్లో తిప్పి రుబ్బే పొత్రం పడి ఉంది. దేవతకు పొత్రంతో పని లేదు కదా. అత్తగారు తనే దాన్ని ఎత్తి, కడిగి, కొంగుతో తుడిచి ఆయన చేతుల్లో పెట్టింది. దారి పొడుగునా ఆయన దాన్ని ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

ఇంటికి రాగానే పిన్ని తమ రోట్లో దాన్ని పెట్టి చూసింది. గుంట చిన్నది. పొత్రం లావు. తిరగలేదు.

"కాస్త చెక్కి సన్నం చెయ్యి బాబాయ్, సరిపోతుంది" అన్నాను.

ఆయన పొత్రాన్ని తిరగేసి అడుగు చూపించాడు. రుబ్బీ రుబ్బీ అది ఒక పక్కకే అరిగి ఉంది, ఎడంచేతి వాటంగా.

"ఇది చెక్కేస్తే ఇంక నా దగ్గరేం ఉంటదిరా?"