మధ్య తలుపు

"మన సివిక్స్ సారు పోయిండు" అని మొన్న పొద్దుగాల సారు ఊరు రెంజల్ నుంచి ఫోన్ వచ్చింది. నేను బోధన్ దగ్గర, చదువుకున్న బళ్లెనే పంతులమ్మను. హాజరు తీసుకుంటున్న చెయ్యి అట్లనే ఆగింది.

సారు మాకు పార్లమెంటును పుస్తకంల చెప్పలే. మా ఎనిమిదో తరగతి గది లోక్‌సభ, పక్కన తొమ్మిదో తరగతి గది రాజ్యసభ. నడుమ ఒక తలుపు. మా గదికి తోవ గూడ అదే. మా దగ్గర గెలిచిన బిల్లు అటు పోవాలె, వాళ్లు మార్పు చేస్తే మళ్ల ఇటు రావాలె. రెండు సభలు ఒప్పుకుంటేనే మా రాష్ట్రపతి, అంటే హెడ్మాస్టరు, సంతకం పెట్టేది. ఆ కాగితం పట్టుకొని సారు ఇల్లిల్లు తిరిగి తల్లిదండ్రులను ఒప్పించేటోడు.

"ఒక సభ తొందరపడ్తదనే రెండోది పెట్టిండ్రు బిడ్డా" అనేటోడు, ముక్కుపొడి పీల్చుకుంట.

నేనొక బిల్లు పెట్టిన: ఆడపిల్లను బడి మాన్పించి బీడీలకు కూసోబెట్టద్దు. నా బెంచి దోస్తును ఆ నెల మాన్పిస్తమంటున్నరు మరి! మా సభల గెలిచింది. పెద్దల సభ చిన్న మార్పు చేసి తిప్పి పంపింది. మళ్ల ఓటు. ఆ పొద్దు మా అవ్వ బీడీల కట్టలు అయ్యేదాంక నన్ను కదలనియ్యలే. ఉరికొచ్చేసరికి ఓటు గంట ఆగింది, తలుపు పడ్డది. ఓటప్పుడు తలుపు తియ్యద్దు, గది నియమం. ఎంత కొట్టినా సారు తియ్యలే. లోపల ఓట్లు సమానం, నా ఒక్క ఓటే తక్కువ. అట్లయితే స్పీకరు ఉన్నదాన్ని ఉన్నట్టే ఉండనియ్యాలెనని, కుర్చీల ఉన్న సారు బిల్లుకు ఎదురు ఓటేసిండు. నా దోస్తు మళ్ల బడికి రాలే. సారు మీది కోపం ఎన్నడో పోయింది. నా మీది కోపం పోలే.

ఫోన్ వచ్చిన పొద్దే రెంజల్ పోయిన. ఇంటి తలుపు మూసుకపోకుండ ఇటుకపెళ్ల పెట్టి ఉన్నది. పేరు చెప్పంగనే సారు భార్య నా చెయ్యి పట్టుకున్నది.

"నువ్వేనా బిడ్డా! ఏడాది సంది తలుపు ముయ్యనియ్యలే. ‘ఎవలో కొడ్తున్నరు, నీకినబడ్తలేదా’ అనేటోడు. నిన్న మాత్రం ‘ఇగ మళ్ల వచ్చింది’ అనుకుంట పండుకున్నడు."

ఆమె చెప్పిన ఆ రోజే నేను మా పిల్లలతోని అదే బిల్లు మళ్ల పెట్టించిన. సారుకు చెప్పినోళ్లు ఎవ్వరు లేరు.

ఇయ్యాల ఓటు. పెద్దల సభ పని అయిపోయి తొమ్మిదోవాళ్లు మైదానంల ఉన్నరు. గంట కొట్టి మధ్య తలుపు మూసిన. చేతులు లెక్కపెడ్తుంటే అవతల నుంచి ఎవరో మెల్లగ కొట్టిండ్రు. మూడుసార్లు. పిల్లలు నా దిక్కు చూసిండ్రు. నియమం యాదికొచ్చింది, సారూ. అయినా లేచి తీసిన. ఖాళీ గది. గడప మీద ముక్కుపొడి వాసన.

ఒక పక్కకు జరిగి, లోపలికి తోవ ఇచ్చిన.