నియాన్ చేపల నీలిగీత

నరసాపురంలో ఓ డిగ్రీ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా జువాలజీ చెబుతున్నాను. కొత్త మేడం వచ్చేదాకా నా క్లాసంటే పిల్లలకి ఇష్టమనే అనుకునేదాన్ని.

ఆవిడ చేరిన మొదటి వారమే మార్కెట్ నుంచి శీలావతి చేప పొలుసులు తెచ్చింది. లోపలివైపు వెండిపూతను గీకి, నీటిచుక్కలో వేసి, ఫోన్ లైటు కొట్టి చూపించింది. "ఇందులో రంగు అంటూ ఏమీ లేదు. అతి సన్నటి స్ఫటికాలు. అద్దాల్లా వెలుతురును తిప్పికొడతాయి, అంతే" అంది. పిల్లలు ఒకరి భుజాల మీద నుంచి ఒకరు తొంగిచూశారు. అదే పాఠం నేను ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెబుతాను. వెనక బెంచీల్లో ఆవలింతలే. వరండాలో నిలబడి వాళ్ల కేకలు వింటుంటే నాకు కడుపు మండింది.

తర్వాత ల్యాబ్‌లో గాజుతొట్టి పెట్టి నియాన్ టెట్రాలు వేసింది. వేలెడు కూడా లేని చేపలు, ఒంటి పొడవునా మెరిసే నీలిగీత. ఖాళీ పీరియడ్ దొరికితే పిల్లలంతా అక్కడే. గోడకి తగిలించిన నా ఛార్టుల వైపు చూసేవాళ్లే లేరు.

యూనివర్సిటీ వాళ్లు కాలేజీ చూడటానికి వచ్చే రోజు నేను ఎనిమిదింటికే వెళ్లాను. తొట్టి మీద కప్పిన నల్లగుడ్డ ఎత్తితే నీలం లేదు. గీత ఉండాల్సిన చోట మాసిన ఊదారంగు. చేపలు అడుగున కదలకుండా ఉన్నాయి. నా మనసెంత తేలికైందో చెప్పుకోడానికి సిగ్గేస్తోంది. గుడ్డ మళ్లీ కప్పేసి తిన్నగా ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లాను.

"ఆ చేపలకి ఏదో జబ్బు చేసిందండి. వచ్చినవాళ్లకి చూపిస్తే బాగోదు. తీయించేయండి."

ఆయన లేచి నాతో ల్యాబ్‌కి వచ్చారు. అప్పుడే వచ్చిన కొత్త మేడం, సంగతి వినగానే గుడ్డ తీసి లైటు వేసింది. ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. కొద్ది నిమిషాల్లో ఊదా నీలమైంది, నీలం కాస్త ఆకుపచ్చకు తిరిగింది.

"చీకట్లో ఇలాగే ఉంటాయండి. వెలుతురు పడితే లోపలి స్ఫటికాల పలకలు కిటికీ రెక్కల్లా వాలు మార్చుకుంటాయి. దాంతో రంగు మారుతుంది" అని ఆయనకి చెప్పి, నావైపు తిరిగింది. "మేడంకి తెలిసిందే. కంగారులో గుర్తురాలేదు, అంతే."

దెప్పినా బాగుండేది. వెనకేసుకొచ్చింది. నాకు తెలియదని ఆవిడకి తెలుసు. ప్రిన్సిపాల్ గారు నవ్వి వెళ్లిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది.

వచ్చినవాళ్లు ఆ తొట్టి దగ్గరే చాలాసేపు నిలబడ్డారు. నా ఛార్టుల ముందు ఒకాయన కళ్లజోడు తుడుచుకుని ముందుకెళ్లాడు.

మర్నాడు నేనే ఆవిడ దగ్గరికి వెళ్లాను. "నాకు నిజంగానే తెలీదమ్మా. చెప్పు" అన్నాను. కుర్చీ లాగి కూర్చోబెట్టి, కాగితం మీద గీసి, ఓపిగ్గా చెప్పింది. ఒక్కసారికే అర్థమైంది. అంత బాగా చెప్పినందుకు మళ్లీ ఒళ్లు మండింది.