బోను చుట్టూ ముగ్గుపిండి

నేను ఇరవై మూడు నక్కలను ప్రాణంతో పట్టాను. ఒక్కదానికీ కాలు విరగలేదు, పన్ను ఊడలేదు. పలాస దగ్గర మా ఊరి బడిలో అయిదో తరగతి వరకే చదివిన దాన్ని. అయినా రాయపూర్ ఫారెస్టు వాళ్ల దగ్గర సూరమ్మ అనే నా పేరు మీద అనుమతి కాగితం ఉంది. పట్టిన ప్రతి నక్కనూ గార్డు వీరేంద్ర వచ్చి, సంతకం పెట్టి, దూరం అడవిలో వదలడానికి తీసుకుపోయేవాడు.

మా ఆయన దుర్గారావు రైల్వేలో వ్యాగన్ల మరమ్మతు పని చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత రాయపూర్ శివారు బీర్‌గావ్‌లో, ఉర్లా ఫ్యాక్టరీల వెనక, పొదలు పెరిగిన ఖాళీ స్థలాన్ని ఆనుకుని ఇల్లు కట్టుకున్నాం. నేను నాటుకోళ్లు పెంచాను. కోళ్లున్న చోటికి నక్క రాక మానదు కదా.

మొదటి రెండేళ్లూ అందరూ చేసే తప్పులే నేనూ చేశాను. బోనును కోళ్లగూటి పక్కనే పెట్టాను. లోపల కోడిపేగులు కుప్ప పోశాను. ఊరకుక్కలు పడ్డాయి. ఒకసారి మా ఇంటి పిల్లి కూడా పడింది. నక్క మాత్రం దూరంగా నిలబడి చూసి పోయేది. దానికున్నంత అనుమానం ఇంకే జంతువుకూ లేదు. కాలి కింద ఇనప తీగ తగిలితే అడుగు వెయ్యదు. అందుకని బోను అడుగున నాలుగు వేళ్ల మందం మట్టి పరిచాను. సబ్బు వాసన వస్తే దగ్గరికి రాదు. అందుకని బోనును బురదతోనే తోమేదాన్ని, ఆ రోజుల్లో తలకు కొబ్బరినూనె కూడా మానేసేదాన్ని. కోళ్ల దగ్గర కాదు, అది రోజూ నడిచే దారిలో బోను పెట్టాలి. తలుపు పైకెత్తి కట్టేసి, వారం రోజులు గుడ్డు తిననిచ్చి పంపాలి. ఎనిమిదో రోజున కట్టు విప్పాలి. తొందరపడిన వాడికి నక్క దొరకదు.

వీటన్నిటికంటే నాకు పనికొచ్చింది ముగ్గుపిండి. జల్లెడతో బోను చుట్టూ మూరెడు వెడల్పున పల్చగా చల్లేదాన్ని. బియ్యప్పిండి అయితే చీమలు చేరతాయి. రాతిపిండికి ఆ బెడద లేదు, వాసనా లేదు. పొద్దున్నే వెళ్లి చూస్తే ఎవరు వచ్చారో, ఎంత దూరం వచ్చి వెనక్కి తగ్గారో కనిపిస్తుంది. కుక్క పాదం గుండ్రంగా ఉంటుంది, అటూ ఇటూ తిరుగుతుంది. నక్క పాదం కోలగా, సన్నగా ఉంటుంది. దారం పట్టి గీసినట్టు ఒకే వరసలో నడుస్తుంది. ఆ అడుగులు లెక్కపెట్టి, అది ఎక్కడ జంకిందో చూసి, బోను ముఖం అటు తిప్పేదాన్ని. "అమ్మాజీ, ఈ పని మా వాళ్లకి కూడా రాదు" అన్నాడు వీరేంద్ర ఒకసారి.

మనిషి వాసన ఎక్కువ కాకూడదని ఒక్కదాన్నే వెళ్లేదాన్ని, తెల్లారుతుండగా, ఎవరితో మాట్లాడకుండా. చిక్కు అక్కడే వచ్చింది.

రెండువేల పదకొండు చలికాలం. ఒక పొద్దున వెళ్లేసరికి పిండి అంతా కాలితో చెరిపేసి ఉంది. గుడ్డు రాయికేసి కొట్టి ఉంది. బోను లోపల ఒక నిమ్మకాయ, దారానికి గుచ్చిన ఏడు ఎండుమిరపకాయలు. మర్నాడూ అంతే. నా కోళ్లకు ఎవరో ఏదో చేస్తున్నారనుకున్నాను. కోళ్లు అమ్మేవాళ్లూ, ఇరుగుపొరుగూ, పాలవాడితో సహా అందరి మీదా అనుమానం వచ్చింది.

అదే వారంలో గుడ్లు కొనేవాళ్లు రావడం మానేశారు. కుళాయి దగ్గర నేను వెళ్తే ఆడవాళ్లు బిందెలు వెనక్కి లాక్కున్నారు. చివరికి వెనక నుంచి ఎవరో అన్న మాట నా చెవినే పడింది: టోన్హీ. చేతబడి చేసే ఆడదాన్ని ఇక్కడ అలా అంటారు. ఆ మాట ఒకసారి అంటుకుంటే ఏమవుతుందో ఇక్కడ ఇన్నేళ్లున్న దాన్ని, నాకు తెలుసు. కొడతారు, ఊళ్లోంచి వెళ్లగొడతారు. దానికి చట్టం ఉంది. కానీ చట్టం దెబ్బలు పడ్డాక వస్తుంది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన మంచం మీంచి దిగ్గున లేచారు.

"ఏటే, ఆ బోను తీసి పారేయ్. ఇల్లమ్మేసి పలాస ఎల్లిపోదాం."

"ఎందుకెల్లాలండీ? నేనేటి సేసినాను?"

"నువ్వేటి సేసినావని కాదే. ఆళ్లేటనుకుంటన్నారో సూడు."

నేను వెళ్లనన్నాను. ఇరవై నక్కల జాడ తీసిన దాన్ని, ఒక మనిషి జాడ తీయలేనా? మర్నాటి పొద్దున, మళ్లీ చెరిపేసి ఉన్న పిండిలో వెతికాను. చెరిపినవాడు కుడికాలితో చెరిపాడు. ఎడమకాలు మాత్రం ఒకచోట గట్టిగా ఆనించాడు. ఆ చెప్పు మడమ దగ్గర మూడు మేకుల గుర్తులున్నాయి, కొత్తగా కొట్టించినవి. మా వీధిలో గుమ్మాల ముందు విడిచిన చెప్పులు చూసుకుంటూ నడిచాను. అయిదో ఇంటి ముందు బోర్లా పడి ఉన్న ఎడమ చెప్పుకు ఆ మూడు మేకులూ కనిపించాయి. అది ఉమేష్ ఇల్లు. ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసి తెల్లారి ఆ పొదల దారినే వస్తాడు. అతని పసిపాప పదిహేను రోజులుగా జ్వరంతో ఉంది.

వీధిలో జనం ఉండగానే పిలిచాను.

"ఉమేష్! బయటికి రా. నా బోనులో మిరపకాయలు పెట్టింది నువ్వే. ఎడమ చెప్పుకి మూడు మేకులు కొట్టించుకున్నావు. కుడికాలితో పిండి చెరిపావు. అవునా, కాదా?"

అతను గుమ్మంలోకి వచ్చి తన చెప్పు వంక చూశాడు. ముఖం తెల్లబోయింది. లోపలి నుంచి అతని తల్లి పరుగెత్తుకొచ్చింది.

"ఏలా కైసే పతా చలిస్!" అని అరిచింది. దీనికెలా తెలిసిందని. "దేఖవ్, చూడండి! మేకులు కొట్టించిన సంగతి వాడు నాకే చెప్పలేదు. ఇది ఇంట్లో కూర్చుని అన్నీ చూస్తోంది!"

జనం రెండడుగులు వెనక్కి వేశారు. దొంగను పట్టిద్దామని వస్తే, నా రుజువే నా మెడకు చుట్టుకుంది. మా ఆయన నా చెయ్యి పట్టి లాగారు. విడిపించుకుని ఇంట్లోకి వెళ్లి జల్లెడ, పిండి డబ్బా తెచ్చాను.

"పిచ్చెక్కినాదేటే నీకు? ఇప్పుడా?" అన్నారాయన.

వీధి మధ్యలో, అందరి కళ్ల ముందు పిండి చల్లాను. "నడువు ఉమేష్" అన్నాను. నడవలేదు. ఎవరూ నడవలేదు. ఒక ముసలాయన మనవణ్ణి చంకలోకి ఎత్తుకున్నాడు.

అప్పుడు మా ఆయన ముందుకొచ్చారు. పంచె ఎత్తి, ఆ చివర నుంచి ఈ చివరకు పిండి మీద నడిచారు. మళ్లీ వెనక్కి నడిచారు. "ఇసీ ముగ్గు పర్ చాలీస్ సాల్ సే చల్ రహా హూఁ. క్యా హువా మేరేకో? బట్టతల వచ్చింది, అంతే" అన్నారు తల తడుముకుంటూ, సగం హిందీ, సగం తెలుగులో, నలభై ఏళ్లుగా ఈ ముగ్గు మీదే నడుస్తున్నా తనకేమీ కాలేదని. ఎవరో నవ్వారు. అంతలో ఒక మేక కూడా పిండి తొక్కుకుంటూ పోయింది. అప్పుడు ఉమేష్ చెప్పు తొడుక్కుని ఒక్క అడుగు వేశాడు. వంగి చూశాడు.

"అరే! మేకులు!"

నలుగురూ వంగారు. ఒకడు తన బూటు ముద్ర వేసి చూసుకున్నాడు. ఇంకొకడు మేక డెక్కకు, దూడ డెక్కకు తేడా అడిగాడు. కానీ ఉమేష్ తల్లి మెత్తబడలేదు.

"సరే. మరి ఆ పొదల్లో బోనులో మట్టి ఎందుకు నింపావు? దాని కింద ఏం పాతిపెట్టావు?"

దీనికే నేను భయపడ్డాను. ఇంతమందిని అక్కడికి తీసుకెళ్తే, బీడీల వాసనకూ తొక్కిడికీ నక్క ఆ దారి వదిలేస్తుంది. దాని కోసం నేను అప్పటికి ఇరవై రోజులు కష్టపడ్డాను. కానీ వెళ్లకపోతే ఆ మాట నన్ను వదలదు. "రండి" అన్నాను.

ముప్పై మంది వచ్చారు. బోనును నా చేతులతోనే బోర్లించాను. ఉమేష్ తల్లి మట్టి అంతా వేళ్లతో కెలికి చూసింది. తీగలు తప్ప ఏమీ లేవు.

"ఇక్కడ కూర్చుని గొణుగుతావట, మావాడు విన్నాడు. ఏ మంత్రం?"

"అడుగులు లెక్కపెట్టుకుంటాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు..."

"అదే! అదే!" అన్నాడు ఉమేష్.

"అది మా తెలుగు ఏక్ దో తీన్ రా నాయనా" అన్నాను. పది వరకూ గట్టిగా చెప్పించుకున్నారు. ఒక పిల్ల నాతోపాటు అయిదు దాకా అంది కూడా. ఉమేష్ తల దించుకున్నాడు. ఆ సాయంత్రమే పాపను ఆసుపత్రిలో చేర్చాడు. నెల రోజులకు కోలుకుంది.

నక్క మళ్లీ ఆ దారిన రాలేదు. వేరే వైపు నుంచి వచ్చి తొమ్మిది కోళ్లను పట్టుకుపోయింది. ఆ ఏడాది నా నక్కల లెక్క సున్నా. పలాస మాత్రం వెళ్లలేదు. ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నాం.

ఉమేష్ తల్లి ఇప్పుడు గుడ్లకు మా ఇంటికే వస్తుంది. పలకరిస్తుంది, పాప చదువు సంగతులు చెబుతుంది. గుడ్లు మాత్రం నా చేతి నుంచి తీసుకోదు. బుట్ట కింద పెట్టమని చెప్పి, తనే ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూసుకుని ఏరుకుంటుంది.