కంచె ఇవతల

కొండవాలు ఎవరో కొనుక్కుని చుట్టూ ఇనుపకంచె వేయించాక కుందేళ్ల తాత వేట ఆగింది గానీ, పొద్దున్నే బయల్దేరడం ఆగలేదు. ఓ పట్టు ముక్కుపొడుం పీల్చి, వల భుజాన వేసుకుని కంచె వెంబడే నడుస్తాడు. "లోపలికి పోనివ్వరు, ఇంకెందుకయ్యా వల మొయ్యడం?" అని భార్య సణిగితే, "భుజం ఖాళీగా ఉంటే నడక కుదరదే" అంటాడు.

ఒకరోజు కంచె అడుగున చిన్న గుంత, తీగకు చిక్కిన బూడిదరంగు వెంట్రుకలు కనిపించాయి. ఇంకేముంది, బోర్లా పడుకుని గడ్డం మట్టికి ఆనించి కాపు కాశాడు. కాపలావాడు కర్ర ఆడించుకుంటూ వచ్చాడు. "లే తాతా! కంచె లోపలి కుందేళ్ల జోలికి పోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" "ష్! అది వచ్చే వేళయింది, కూర్చో." ఏమనుకున్నాడో, అతనూ పక్కనే గొంతుక్కూర్చున్నాడు. గడ్డి కదిలింది. కుందేలు చెవులు వీపుకి ఆనించి, ఒళ్లు సాగదీసి తీగ కిందనుంచి ఇవతలకి జారి, తాతకు చేతికందేంత దూరంలో ఆగింది. తాత వేళ్లు వలను తాకి, అక్కడే ఉండిపోయాయి. కుందేలు తీరిగ్గా పొదల్లోకి వెళ్లిపోయింది. "వదిలేశావేం? ఇటుపక్క నిన్నెవరూ అడగరుగా!" అన్నాడు కాపలావాడు. "పారిపోయే కుందేలునీ, వలలో కుందేలునీ తప్ప చూడలేదురా ఇన్నేళ్లూ. దాని పనిమీద అది పోయే కుందేలుని ఇవాళే చూశాను" అన్నాడు తాత, మట్టి దులుపుకుంటూ. కాపలావాడు గుంతలోకి వంగి చూశాడు. "రేపూ ఇదే వేళకొస్తుందా?" అని అడిగాడు.