కడిగేసిన స్లైడులో ఈగ రెక్క

ఏడేళ్ల పరిశోధనను ఒక్క టీ చల్లారేలోపు ఎలా ముంచుకోవచ్చో నన్నడగండి. అనుభవం మీద చెబుతున్నాను, వినే ఓపిక మీకుంటే. చెప్పే ఓపిక నాకే అంతంతమాత్రం.

అప్పుడు నేను మహబూబ్‌నగర్‌లో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ పీహెచ్‌డీని ఈడుస్తున్నాను. గాజు స్లైడుకు అంటించిన ఈగ రెక్క మీద లేజర్ వేస్తే వెలుగు చెదిరి కెమెరా మీద పడుతుంది. ఎంత వెలుగు పడిందో కెమెరా చెబుతుంది గానీ, ఆ వెలుగు అల ఏ దశలో ఉందో చెప్పదు. ఆ పోయిన దశను కంప్యూటర్ ఊహించాలి, కెమెరా కొలతతో సరిచూడాలి, మళ్లీ ఊహించాలి. అలా వందలసార్లు తిరిగితే రెక్క బొమ్మ రావాలి. నాకు మాత్రం ఎప్పుడూ బూజు పట్టిన రొట్టె లాంటిదే వచ్చేది.

నా పీహెచ్‌డీని తేల్చే కమిటీ వచ్చే ముందురోజు సాయంత్రం విసిగిపోయి, కంప్యూటర్‌కు మొదటి ఊహగా రెక్క ఫొటోనే ఇచ్చాను. ఒక్కసారి చూద్దామని ప్రోగ్రాంలో కెమెరా కొలతతో సరిచూసే వరుసను కూడా ఆపేశాను. రెక్క ఈనెలతో సహా వచ్చేసింది. ఎందుకొచ్చిందని అడిగే శక్తి లేక, ఆపిన వరుసను అలాగే వదిలేసి ఇంటికి పోయి పడుకున్నాను. గడువు అదే ఆఖరు మరి. సంతకం పడకపోతే నా పని అంతే.

మర్నాడు కమిటీ ముందు మీట నొక్కాను. రెక్క వచ్చింది. కమిటీ పెద్దసారు తలాడించి, నన్ను మెచ్చుకుంటూ పెన్ను తీశారు. అంతలో టీ తెచ్చిన మా ల్యాబ్ అటెండర్ ఖాజా భాయ్ తెర వైపు చూస్తూ నిలబడిపోయాడు.

"సార్, గా రెక్క ఏడికెల్లి వచ్చింది?"

లేజర్ కింద ఉన్న స్లైడు నుంచని గర్వంగా చెప్పాను.

"గా స్లైడా? పొద్దుగాల నేనే సబ్బు పెట్టి కడిగిన గద సార్. పెద్దసార్లు వస్తున్నరని అన్నీ సాఫ్ చేసిన."

పెద్దసారు వంగి చూశారు. గాజు తళతళలాడుతోంది. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఖాజా భాయ్ మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను, అదీ చేతకాలేదు. పెద్దసారు పెన్నుకు మూత పెట్టారు.

"ఏం లేని గాజుల ఈగను చూపిచ్చినవు. గిది ఇంకెవ్వరితోని కాదు. ఇంకో ఆర్నెల్లు గడువిస్తున్న, ఈగను పెట్టుకొని రా."

కనుక లేజర్ మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇక ఈ జన్మలో కంప్యూటర్‌కు జవాబు ముందే చెప్పను. ఏ ఫలితం వచ్చినా మొదట ఖాజా భాయ్‌కి చూపిస్తాను. ఆయన ఒప్పుకుంటేనే కమిటీని పిలుస్తాను.