ఆకులు తీసి పక్కన పెట్టండి

2023 ఏప్రిల్. సిద్దిపేటలో ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. మా వంటగదిలో ఓవెన్ వేడికి బయటి ఎండ తోడయ్యేది. డిగ్రీ అయ్యాక కొన్నాళ్లు ప్రైవేటు బడిలో సైన్సు చెప్పాను. పాప పుట్టాక అది మానేసి, ఇంట్లోనే కేకులు చేసి ఆర్డర్ల మీద ఇస్తున్నాను. అప్పటికి రెండేళ్లయింది. పుట్టినరోజు కేకులే ఎక్కువ. ఆ నెలలో మాత్రం వేరే రకం ఆర్డరు ఒకటి వచ్చింది.

ఇచ్చింది రజితక్క. సర్కారు బడిలో టీచర్. ఆమె భర్త శ్రీధరన్న ఆర్మీలో, హిమాచల్‌లో పనిచేస్తాడు. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ రెండేళ్లు అక్కడే ఉన్నారు. ఎండాకాలం మొదట్లో అక్కడి ఒక చిన్న హోటల్లో రూబార్బ్, చాక్లెట్ కలిపి టార్ట్ చేసేవారట. టార్ట్ అంటే బిస్కెట్ పిండితో చేసిన చిన్న గిన్నె, లోపల తీపి పూర్ణం. రూబార్బ్ చలి కొండల మీద పెరిగే మొక్క. దాని ఎర్రటి కాడలు చింతకాయంత పులుపు. వాటిని చక్కెరతో మగ్గబెట్టి వాడతారు.

"పెళ్లిరోజుకు గవే కావాలె చెల్లె. ఆయన లీవుల వస్తుండు, ఆడికెళ్లే కట్ట పట్టుకొస్తడు. ఇరవై చేస్తవా?" అంది.

చేస్తానన్నాను. ఆ కాడను అప్పటిదాకా చేత్తో ముట్టుకున్నది లేదు. దాని బదులు వారం రోజులు పచ్చిమామిడి ముక్కలతో ప్రయత్నాలు చేశాను. టార్ట్ లోపల నింపే గనాష్ అంటే వేడి క్రీములో కరిగించిన చాక్లెట్. పులుపు నేరుగా తగిలితే అది విరిగిపోతుంది. అందుకే రెండింటినీ వేర్వేరు పొరలుగా ఉంచాలి. చాక్లెట్ మరీ చేదైతే పులుపుతో కలిసి గొంతు పట్టేస్తుంది, మరీ తీపైతే పులుపు తేలిపోతుంది. ఇవన్నీ మామిడి నేర్పింది. రాత్రిళ్లు పాప పడుకున్నాక రూబార్బ్ గురించి దొరికినదల్లా చదివాను. అప్పుడే తెలిసింది, కాడ తినొచ్చు గానీ ఆకు విషమని.

ఆ మాట రజితక్కకు చెప్పాలి. ఫోన్ తీసి మెసేజ్ మొదలుపెట్టాను కూడా. కానీ 'విషం' అన్న మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. అది చదివితే ఆర్డరు మానుకుంటుందేమో, నలుగురికీ చెబుతుందేమో అనిపించింది. చెరిపేసి ఇలా రాశాను: "అక్కా, ఆకులు తీసి పక్కన పెట్టండి. కాడలు మాత్రం నాకు పంపండి."

మర్నాడు మధ్యాహ్నం పన్నెండున్నరకు, లీవు మీద అప్పటికే ఇంటికొచ్చిన శ్రీధరన్న బండి మీద వచ్చి సంచి ఇచ్చాడు. కాడలు శుభ్రంగా కడిగి, తడిగుడ్డలో చుట్టి ఉన్నాయి. మంచి రంగు. సంతోషపడుతూనే అడిగాను.

"ఆకులు ఏం జేసిన్రన్నా?"

"ఆకులా?" నవ్వాడు. "రజిత తీసి పక్కకు పెట్టి బడికి పోయింది. మా అమ్మ ఇడుస్తదా? ఒక్కొక్కటి ఇస్తరాకంత ఉంది. గింత పెద్ద సుక్కకూర నా జన్మల సూడలేదని మురిసిపోయింది. పొద్దుగాలనే పప్పు ఎక్కిచ్చింది."

సంచి గడప మీదే పెట్టేశాను.

"అన్నా, ఆ ఆకు తినొద్దు. విషం. అమ్మకు ఫోన్ చెయ్యి!"

ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. రజితక్క బడి నుంచి ఇంకా రాలేదు. ఇంట్లో ఉన్నది తల్లి నర్సవ్వ, రెండున్నరేళ్ల ఆద్య.

"పాపకు ఎన్ని గంటలకు తినిపిస్తరు?" అన్నాను.

"పన్నెండు కొట్టంగనే" అంటూనే బండి తిప్పాడు.

మా పాపను పక్కింట్లో వదిలి, నేను స్కూటీ మీద వెనకే వెళ్లాను. పది నిమిషాల దారి. ఆ పది నిమిషాలూ నా కళ్ల ముందు ఆద్య లేదు, మా పాపే ఉంది.

మేం వెళ్లేసరికి నర్సవ్వ అరుగు మీద కూర్చుని ఆద్య మూతి తుడుస్తోంది. పాప ఏడుస్తూ నాలుక బయటపెట్టి వేళ్లతో గీరుకుంటోంది.

"రెండు మాట్ల కక్కింది బిడ్డా. ఎండ దెబ్బ కొట్టినట్టుంది, నిమ్మకాయ నీళ్లు కలుపుదామని..." అంది నర్సవ్వ.

"పప్పు తినిపిచ్చినవా అమ్మా?" శ్రీధరన్న అరిచాడు.

"తినిపియ్యక? ఏందిరా గట్ల మొత్తుకుంటున్నవ్?"

"నువ్వు తిన్నవా పెద్దమ్మా?" అన్నాను.

"ఉప్పు సూసిన, గంతే. పొల్ల తినంది నేనెప్పుడు తిన్న?"

గిన్నెలోని పప్పు కొంత, వంటింట్లో మిగిలిన ఆకు ఒకటి కవర్లో వేసుకున్నాను. నలుగురం పిల్లల దవాఖానకు వెళ్లాం. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. రూబార్బ్ పేరు విన్నది గానీ ఆకును ఎప్పుడూ చూడలేదంది. తిప్పి చూసి, లోపలికి వెళ్లి ఎవరితోనో ఫోన్లో మాట్లాడి వచ్చింది.

"ఎన్ని ముద్దలు తిన్నది? సరిగ్గా చెప్పాలి. పిల్ల బరువును బట్టి ఉంటుంది."

నర్సవ్వ వేళ్లు మడిచి, మళ్లీ తెరిచింది. "తెల్వది మేడం. నాలుగో... పదో... నేనేమన్న లెక్కవెట్టుకున్ననా?"

"నాలుగు వేరు, పది వేరమ్మా. గుర్తు చేసుకోండి."

శ్రీధరన్న పిడికిలితో గోడను గుద్దుతున్నాడు. నాకు మా ఇంట్లో అన్నం తినిపించే వేళ గుర్తొచ్చింది. మా పాప కూడా ఊరికే తినదు. ప్రతి ముద్దకూ, మా మాటలో బుక్కకూ, ఒక పేరు పెట్టాలి.

"పెద్దమ్మా, ఎన్ని అని కాదు. ఎవలెవల పేరు మీద పెట్టినవ్? బుక్క బుక్కకు పేరు చెప్తవు గదా?"

ఆమె కళ్లు మూసుకుంది. పెదాలు కదిలాయి.

"ముందుగాల బాపు బుక్క. తిన్నది. అమ్మ బుక్క. తిన్నది. మేనత్త బుక్క పెడితే మొకం వంకర్లు తిప్పింది, అయినా మింగింది. కుక్కపిల్ల బుక్క పెట్టిన... ఊంచేసింది. పిట్ట బుక్కకు నోరే తెరువలే." కళ్లు తెరిచింది. "మూడు మేడం. మూడే."

"ఎంతెంత?"

"ఉసిరికాయంత."

డాక్టరమ్మ రాసుకుంది. వాంతి కావడం మేలే అయిందంది. నోరు కడిగించి పాలు తాగించారు, రక్తం తీశారు, సెలైన్ పెట్టారు. ఆ ఆకులోని విషం మూత్రపిండాలకు చెరుపు చేస్తుందట. "మూడు ముద్దలకు అంత కాకపోవచ్చు. కానీ మూత్రం వచ్చేదాకా నేనేమీ చెప్పలేను" అంది.

ఒంటిగంటన్నరకు రజితక్క పరుగెత్తుకొచ్చింది. ఇక ఎదురుచూపులే. రెండయింది. మూడయింది. అరగంటకోసారి నర్సు వచ్చి పాప డ్రాయరు తడిమి, తల అడ్డంగా ఊపి వెళ్లిపోయేది. నర్సవ్వ మంచం కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. శ్రీధరన్నకు తన భయం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తల్లి మీద పెట్టాడు.

"తెల్వని ఆకు ఎందుకు వండినవే? కండ్లు నెత్తికెక్కినయా? ఇగ పొల్లను నీకు అప్పజెప్పి నేనెట్ల పోవాలె డ్యూటీకి?"

ఆమె పాప పాదాలు నిమురుతూ కూర్చుంది. రజితక్క కూడా అత్త వైపు చూడలేదు. నా ఫోన్ నా చేతిలోనే ఉంది. అందులో ఆ మెసేజ్ ఉంది. మన ఇళ్లల్లో 'పక్కన పెట్టు' అంటే పారెయ్యమని కాదు, దాచిపెట్టమని. ఏ ఆకుకూరలోనైనా ఆకు ఉంచుకుని కాడ పారేసే ఇంటికి, కాడ నాకిచ్చి ఆకు ఉంచుకొమ్మని నేనే రాశాను. వాడిపోకముందే నర్సవ్వ వండింది. ఇదంతా నాకు అరుగు మీద నిలబడ్డప్పుడే అర్థమైంది. అయినా మూడు గంటలు నోరు మెదపలేదు.

నాలుగు దాటాక ఆద్య కదిలింది. "నాయినమ్మా, ఉచ్చ" అంది. నర్సవ్వ లేచి ఎత్తుకునేలోపే ఆమె చీరంతా తడిసింది. నర్సు చూసి నవ్వింది. డాక్టరమ్మ వచ్చి, రక్త పరీక్ష బాగానే ఉందనీ, రేపటిదాకా ఇక్కడే ఉంచి చూస్తామనీ చెప్పింది. రజితక్క మంచం పట్టీ మీద తల ఆనించి ఏడ్చింది. నర్సవ్వ తడి చీరతోనే నిలబడి ఉంది.

శ్రీధరన్న మళ్లీ, "ఇంకోసారి గిట్ల జేసినవంటే అమ్మా..." అని మొదలుపెట్టాడు.

"అన్నా, పెద్దమ్మ తప్పు కాదు" అని ఫోన్ తీసి రజితక్కకు ఇచ్చాను. "ఆకు విషమని నాకు ముందే తెలుసు. రాస్తే ఆర్డరు పోతదని గిట్ల రాసిన."

తనకొచ్చిన ఆ మెసేజే రజితక్క మళ్లీ చదివింది. ముఖం గట్టిబడింది.

"ఏం రాసిందట?" నర్సవ్వ అడిగింది. ఆమెకు చదువు రాదు.

రజితక్క పైకి చదివి వినిపించింది. నర్సవ్వ నా వైపు తిరిగింది.

"గట్ల రాస్తే నేనే కాదు, సిద్దిపేటల ఎవలైనా వండుకుంటరు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఇసం అని రాస్తే నీ చెయ్యి ఇరుగుతుండెనా బిడ్డా?" అంది.

ఆమెకు పొడి చీర తెస్తానని నేను స్కూటీ తాళం తీశాను.

ఆ పెళ్లిరోజు ఎవరూ జరుపుకోలేదు. కాడలను ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టాను గానీ ఆ అర తెరవడానికే భయమేసేది. రజితక్క ఇక నాతో మాట్లాడదనుకున్నాను. పన్నెండు రోజులకు ఫోన్ చేసింది. "ఆయన లీవు అయిపోవస్తుంది. చేస్తే చెయ్యి" అంది, పొడిగా.

టార్ట్ గిన్నెల లోపల కరిగిన చాక్లెట్ పూశాను, కాడల నీటికి పిండి మెత్తబడకుండా. కాడలను చక్కెర, నారింజ రసంతో మూతపెట్టి ఓవెన్లో మగ్గించాను. కలపకూడదు, కలిపితే పీచు పీచవుతాయి. గనాష్ చల్లారాక వాటిని పైన పేర్చాను. ఇరవై టార్టులూ నేనే తీసుకెళ్లాను.

ట్రే మూత తీయగానే ఆద్య చేయి చాపింది. ముగ్గురూ ఒకేసారి ఆ చేతిని ఆపారు. ఎవరూ ముట్టుకోలేదు. నర్సవ్వ కుర్చీ జరిపి నా ముందు వేసింది.

"కూసో. నువ్వు తిను ముందుగాల."

కూర్చున్నాను. ఒకటి మొత్తం తిన్నాను. ముందు చేదు, వెనక పులుపు, చివర ఎక్కడో తీపి. నలుగురూ నా నోటి వైపే చూస్తున్నారు. మింగి, నీళ్లు తాగి, ఊరికే కూర్చున్నాను. కాసేపటికి నర్సవ్వ ఒకటి తీసుకుని కొరికింది. నమిలి నమిలి మింగింది.

"పులుపు మంచిగనే ఉంది" అని మిగతా సగం మనవరాలి చేతిలో పెట్టింది.

ఆ రోజు నుంచి వేరుశనగ ఉన్నా, గుడ్డు ఉన్నా, ఎవరికైనా పడనిది ఏదున్నా ఆర్డరు తీసుకోకముందే ఆ మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. చదివి మానుకున్నవాళ్లు ఉన్నారు. కొత్త సరుకుతో చేసింది ఏదైనా సరే, కొన్నవాళ్ల ఇంట్లోనే కూర్చుని మొదటిది నేను తింటాను.